రక్షకకణం దారి తప్పితే

జహీరాబాదు చుట్టుపక్కల ఎర్రమట్టి చేలల్లో చెరకు నరుకుతుంటే ఎప్పుడైనా చూశారా? మొదలుకంటా వంగి నరకాలి. ఆకు దూయాలి. కట్టలు కట్టాలి. ఆ కట్టలను భుజాన మోసి బండికెత్తాలి. సాయంత్రానికి నడుం పట్టేయని మనిషంటూ ఉండడు. అందుకే ఆ ఊళ్ళలో నడుంనొప్పి అంటే ఎవరూ కంగారు పడరు. కాస్త తైలం రాసుకుని పడుకుంటారు. తెల్లవారి మళ్ళీ చేనికి వెళతారు.

అలాంటి ఒక ఊళ్ళో ఒక తాతను ఊహించుకుందాం. ఆయనకు 62 ఏళ్ళు. నాలుగు నెలలుగా నడుం నొప్పి. పడుకున్నా తగ్గదు, రాత్రిపూట పక్కకు ఒత్తిగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు అడిగింది.

"తాతా, దవాఖానకు పోదామా?"

"ఏం లేదు బిడ్డా, వయసు మీద పడ్డది గదా. గోలీ ఏసుకుంటే అదే తగ్గుతది."

తగ్గలేదు. పైగా నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. ముఖం పాలిపోయింది. ఆ చలికాలంలోనే రెండుసార్లు ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. దాహం ఎక్కువైంది, ఆకలి పోయింది. దేనికి దానికి ఇంట్లో వాళ్ళు ఒక కారణం చెప్పుకున్నారు. నడుంనొప్పి చెరకు పనివల్ల, ఆయాసం వయసువల్ల, జ్వరం చలివల్ల, దాహం ఎండవల్ల! కాని ఇవన్నీ ఒకే మనిషిలో, ఒకే కాలంలో, ఒకదాని వెంట ఒకటి ఎందుకు వచ్చాయి? ఆ ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఈ తాత మనం ఊహించుకున్నవాడే. కాని ఇలా నెలల తరబడి నడుంనొప్పితో కాలం గడిపి, చివరికి డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళు నిజంగా ఉన్నారు. వాళ్ళలో కొద్దిమందికి ఆ నొప్పి వెనుక ఉండేది చెరకు కట్ట కాదు, మల్టిపుల్ మైలోమా అనే వ్యాధి. రక్తానికి సంబంధించిన క్యాన్సర్లలో సుమారు పదింట ఒకటి ఇదే. దీన్ని గురించి తెలుసుకుందాం.

నల్లి బొక్కలో ఏముంది?

ఇంట్లో మాంసం వండినప్పుడు నల్లి బొక్కకోసం పోటీ పడతారు కదూ? ఆ బొక్కను కంచం మీద తట్టితే లోపలి నుంచి మెత్తగా జారేదే మూలుగ. పుస్తకాల్లో దీన్ని ఎముక మజ్జ అంటారు. మన శరీరంలోనూ ఎముకల లోపల మూలుగ ఉంది. పెద్దవాళ్ళలో చేతుల, కాళ్ళ పొడవాటి ఎముకల నడిమి భాగంలో ఉండేది చాలావరకు కొవ్వుతో నిండిన పసుపు మూలుగ. వెన్నుపూసల్లో, పక్కటెముకల్లో, కటి ఎముకల్లో, పుర్రెలో ఎర్ర మూలుగ ఉంటుంది. మన రక్తకణాలు తయారయ్యే కార్ఖానా అదే. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులే బతుకుతుంది. కనుక ఆ కార్ఖానాకు రాత్రీ పగలూ సెలవు లేదు.

తెల్ల రక్తకణాలు మన శరీరానికి కాపలా కాస్తాయని మీరు చదివే ఉంటారు. వాటిలో ఒక తెగ నుంచి పుట్టేవే ప్లాస్మా కణాలు. రోగక్రిమి లోపలికి రాగానే ప్లాస్మా కణాలు దానికి సరిపోయే ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి. ప్రతిరక్షకం ఒక ప్రోటీను. దాని ఆకారం ఇంగ్లీషులోని వై అక్షరంలా ఉంటుంది. రెండు పెద్ద గొలుసులు, రెండు చిన్న గొలుసులు కలిసి ఈ ఆకారం ఏర్పడుతుంది. ఒక్కొక్క ప్లాస్మా కణం సెకనుకు వేల కొద్దీ ప్రతిరక్షకాలను తయారు చేయగలదు. తట్టుకు ఒక రకం, ధనుర్వాతానికి మరో రకం, ఇలా ఏ తాళానికి ఆ తాళంచెవి అన్నమాట.

ఆరోగ్యవంతుడి మూలుగలో ప్లాస్మా కణాలు నూటికి అయిదు కూడా ఉండవు. పని అయిపోగానే వాటిలో చాలా భాగం చచ్చిపోతాయి. అదే క్రమశిక్షణ.

ఒకే ఆయుధం, కోట్ల కొద్దీ

ఒక్కొక్కసారి ఒక కణంలోని జన్యువుల్లో మార్పులు వస్తాయి. అది చావడం మానేస్తుంది. తనలాంటి కణాలనే పుట్టిస్తూ పోతుంది. మూలుగలో ప్లాస్మా కణాలు నూటికి పది, ఇరవై, ఒక్కొక్కప్పుడు అరవై దాకా పెరిగిపోతాయి. అవన్నీ ఒక్క కణం సంతానమే కనుక అవి తయారు చేసే ప్రతిరక్షకం కూడా అచ్చంగా ఒకే రకం. దానికి ఏ క్రిమితోనూ పని లేదు. కోటలో భటులందరూ విల్లంబులు వదిలి, ఎవరికీ పనికిరాని ఒకే రకం కర్రలు చెక్కుతూ కూర్చున్నారనుకోండి. కోట నిండా కర్రలే, శత్రువు వస్తే కొట్టడానికి మాత్రం ఏమీ లేదు. మైలోమా రోగికి మాటిమాటికీ జబ్బులు అంటుకోవడానికి కారణం ఇదే.

'మైలోస్' అంటే గ్రీకు భాషలో మూలుగ. 'ఓమా' అంటే గడ్డ. శరీరంలో అనేక చోట్ల మూలుగలో పుడుతుంది కనుక మల్టిపుల్ మైలోమా అన్నారు.

ఈ మార్పులు ఎందుకు వస్తాయి? ఎక్కువమందిలో ఫలానా కారణమని చెప్పలేం. వయసు పెరిగేకొద్దీ వచ్చే అవకాశం పెరుగుతుంది. పాశ్చాత్య దేశాల్లో రోగులు చాలావరకు అరవై దాటినవాళ్ళు. మన దేశంలో యాభైల్లోనే రావడం కూడా మామూలే. కొన్ని రకాల పురుగుమందులతో ఏళ్ళ తరబడి పనిచేసిన రైతుల్లో ఇది కొంచెం ఎక్కువగా కనిపించిందని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అందుకని మందు కొట్టిన ప్రతివాడికీ వస్తుందని కాదు. మందు కొట్టేటప్పుడు ముక్కుకు, చేతులకు తొడుగులు మాత్రం ఎలాగూ ఉండాలి. ఒక్క మాట గట్టిగా చెప్పవచ్చు. ఇది అంటువ్యాధి కాదు. రోగి పక్కన కూచున్నా, ఒకే కంచంలో తిన్నా, చేయి పట్టుకున్నా రాదు.

నాలుగు దెబ్బలు

మైలోమా శరీరాన్ని ముఖ్యంగా నాలుగు చోట్ల దెబ్బ తీస్తుంది.

మొదటిది ఎముకలు. మన ఎముక రాయిలా మార్పు లేకుండా ఉండదు. పాత ఎముకను కరిగించే కణాలు కొన్ని, కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని నిత్యం పని చేస్తూనే ఉంటాయి. మైలోమా కణాలు కరిగించేవాళ్ళను ఉసిగొల్పి, కట్టేవాళ్ళను అణచిపెడతాయి. ఇంకేముంది? ఎముకల్లో గుండ్రటి బొక్కలు పడతాయి. బిందె ఎత్తినంత మాత్రానికే పక్కటెముక విరగవచ్చు. వెన్నుపూస కుంగిపోవచ్చు.

రెండోది కాల్షియం. కరిగిన ఎముకలోని కాల్షియం ఎక్కడికి పోతుంది? రక్తంలోకి. రక్తంలో అది మితిమీరితే దాహం, మలబద్ధకం, వికారం, మగతా కలుగుతాయి. మన తాత దాహానికి కారణం ఎండ కాకపోవచ్చు.

మూడోది మూత్రపిండాలు. మైలోమా కణాలు ప్రతిరక్షకాల చిన్న గొలుసులను అవసరానికి మించి తయారు చేస్తాయి. ఆ ముక్కలు మూత్రపిండాల్లోని సన్నని గొట్టాల్లోకి చేరి గడ్డకట్టి దారి మూసేస్తాయి. కాలవలో చెరకు ఆకు అడ్డం పడ్డట్టు!

నాలుగోది రక్తం. కార్ఖానా అంతా ఒకే రకం కణాలు ఆక్రమిస్తే ఎర్ర కణాలకు చోటెక్కడిది? రక్తహీనత వస్తుంది. నడిస్తే ఆయాసం, ఎప్పుడూ అలసట.

ఇప్పుడు తాత బాధలను మళ్ళీ ఒకసారి చదవండి. నాలుగు వేరు వేరు కథలు కావు, ఒకే కథ!

లండన్ వ్యాపారి

ఈ కథను మొదట విప్పినవాళ్ళు లండన్ డాక్టర్లు. 1844 సెప్టెంబరులో థామస్ అలెగ్జాండర్ మెక్‌బీన్ అనే సరుకుల వ్యాపారి విహారయాత్రకు వెళ్ళాడు. భూమిలోపల ఉన్న ఒక గుహలోంచి ఎగిరి పైకి వస్తుంటే ఛాతీలో ఏదో పుటుక్కుమన్నట్టయింది. నొప్పి కొన్నాళ్ళు తగ్గింది, మళ్ళీ వచ్చింది. పట్టీలు వేశారు, జలగలు పట్టించారు. ఏడాది గడిచినా మనిషి చిక్కిపోతూనే ఉన్నాడు.

విలియం మెకింటైర్ అనే డాక్టరు అతడి మూత్రాన్ని పరీక్షించి ఒక వింత చూశాడు. అందులో ఏదో పదార్థం చల్లబడితే గడ్డకడుతోంది, వేడిచేస్తే కరిగిపోతోంది, మళ్ళీ చల్లబడితే మళ్ళీ గడ్డకడుతోంది! 1845లో అతడూ, థామస్ వాట్సన్ అనే మరో డాక్టరూ ఆ మూత్రాన్ని హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్య రసాయన శాస్త్రజ్ఞుడికి పంపి, ఇదేమిటో తేల్చమన్నారు. అది ఒక కొత్త రకం ప్రోటీను అని బెన్స్ జోన్స్ గుర్తించాడు. ఇటువంటి ఎముకల వ్యాధిలో దానికోసం వెతకాలని కూడా చెప్పాడు. రోగిని మాత్రం కాపాడలేకపోయారు. 1846 జనవరి 1న మెక్‌బీన్ చనిపోయాడు. శవపరీక్షలో ఎముకలు మెత్తబడి ఉన్నాయి.

ఆ ప్రోటీనుకు బెన్స్ జోన్స్ ప్రోటీను అనే పేరు నిలిచింది. అసలు అదేమిటో తెలియడానికి 100 ఏళ్ళకు పైగా పట్టింది. అది ప్రతిరక్షకంలోని చిన్న గొలుసే అని 1962లో ఎడెల్మన్, గాలీ అనే శాస్త్రజ్ఞులు చూపారు. ప్రతిరక్షకాల నిర్మాణాన్ని విడమరచినందుకు 1972లో ఎడెల్మన్, పోర్టర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అంటే మన శరీర రక్షణ ఎలా జరుగుతుందో మనకు నేర్పినవాటిలో ఈ వ్యాధి కూడా ఒకటి.

ఎలా కనిపెడతారు?

మన తాతను మనవరాలు పట్టుబట్టి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోయిందనుకుందాం. డాక్టరు మొదట మామూలు రక్తపరీక్ష రాస్తారు. హీమోగ్లోబిన్ తక్కువగా ఉంది. రక్తం చుక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్ర కణాలు విడివిడిగా లేవు, రూపాయి బిళ్ళలు దొంతర పెట్టినట్టు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. రక్తంలో అదనపు ప్రోటీను జిగురులా పనిచేయడమే దీనికి కారణం. కాల్షియం, క్రియాటినిన్, మొత్తం ప్రోటీన్లు కూడా చూస్తారు. ఇవన్నీ అంత ఖరీదైన పరీక్షలు కావు.

అనుమానం కలిగితే తర్వాతి మెట్టు ఎలెక్ట్రోఫోరెసిస్. రక్తంలోని ప్రోటీన్లను విద్యుత్తు సాయంతో విడదీసి బారుగా నిలబెట్టే పద్ధతి ఇది. మామూలు మనిషిలో రకరకాల ప్రతిరక్షకాలు పరచుకుని చిన్న గుట్టలా కనిపిస్తాయి. మైలోమాలో ఒకే రకం కుప్పగా చేరి గోపురంలా సన్నగా పైకి లేస్తుంది. దీన్ని ఎం ప్రోటీను అంటారు. ఆపైన తుంటి ఎముక దగ్గర మత్తు ఇచ్చి, సూదితో కొంచెం మూలుగ తీసి పరీక్షిస్తారు. ఎముకలకు స్కానింగ్ చేస్తారు.

ఈ పెద్ద పరీక్షలకూ చికిత్సకూ జహీరాబాదు వాళ్ళు ముంబై రహదారి మీద సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాదు రావాలి. అక్కడ పంజాగుట్టలో నిమ్స్, రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. ఏ చికిత్సకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు.

ముల్లును ముల్లుతోనే

మైలోమాను చాలామందిలో పూర్తిగా నిర్మూలించలేం. కాని అణచి ఉంచవచ్చు. మందులు లేని రోజుల్లో వ్యాధి బయటపడ్డాక ఏడాది బతకడమే కష్టంగా ఉండేది. ఇవాళ అయిదేళ్ళు, పదేళ్ళు, అంతకంటే ఎక్కువ కాలం బతుకుతున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ఈ మార్పు ఎలా వచ్చిందో చూడండి.

1958లో రష్యాలో బ్లోఖిన్ బృందం మెల్ఫాలన్ అనే మందు పనిచేస్తుందని చూపింది. చాలాకాలం అదే ప్రధానమైన మందు.

రెండో కథ విచిత్రమైనది. 1957లో జర్మనీలో థాలిడొమైడ్ అనే నిద్రమాత్ర అమ్మకానికి వచ్చింది. గర్భిణులు కూడా వాడారు. ఫలితంగా కాళ్ళూ చేతులూ సరిగా ఎదగని శిశువులు ప్రపంచమంతటా పదివేలకు పైగా పుట్టారు. 1961లో దాన్ని ఉపసంహరించారు. అందరూ శపించిన ఆ మందునే మైలోమా రోగులకు ఇచ్చి చూసినట్టు 1999లో అమెరికాలోని ఆర్కన్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. ఇతర మందులకు లొంగని వ్యాధి సుమారు మూడోవంతు మందిలో తగ్గుముఖం పట్టింది. దాన్ని మెరుగుపరచి చేసినదే లెనలిడొమైడ్. హైదరాబాదు కంపెనీలైన నాట్కో, డాక్టర్ రెడ్డీస్ తయారు చేసిన ఈ మందు 2022లో అమెరికా మార్కెట్లోకి కూడా వెళ్ళింది.

మూడో మందు బోర్టెజోమిబ్. దీనికి 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇదెలా పనిచేస్తుందో తెలుసా? ప్లాస్మా కణం అంత ప్రోటీను తయారు చేస్తుంటే చెడిపోయిన ముక్కలు కూడా అంతే పోగవుతాయి. వాటిని ముక్కలు చేసి పారేసే యంత్రం ప్రతి కణంలోనూ ఉంటుంది. ఈ మందు ఆ యంత్రాన్ని ఆపేస్తుంది. ఇల్లూడ్చేవాళ్ళు లేని ఇంట్లోలాగా కణం తన చెత్తలో తానే ఊపిరాడక చస్తుంది.

ఇక అన్నిటికంటె చిత్రమైనది. మైలోమా కణానికి చావు తెలియదన్నాం కదా! 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుక మైలోమా కణాన్ని, మనకు కావలసిన ప్రతిరక్షకం చేసే మరో ఎలుక కణంతో కలిపేశారు. పుట్టిన సంకరకణం చావకుండా, కోరిన ప్రతిరక్షకాన్ని మాత్రమే తయారు చేస్తూ పోయింది. దీనికి 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ దారినే ఎన్నో వ్యాధులకు ప్రతిరక్షక మందులు వచ్చాయి. వాటిలో ఒకటైన డారాటుముమాబ్‌కు 2015లో అనుమతి వచ్చింది. అది దేని మీద పనిచేస్తుందనుకున్నారు? మైలోమా మీదనే!

కొందరికి వాళ్ళ రక్తంలోని మూలకణాలనే ముందుగా తీసి దాచి, పెద్ద మోతాదులో మందు ఇచ్చాక తిరిగి ఎక్కిస్తారు. ఎవరికి ఏ చికిత్స అన్నది వయసునూ, మూత్రపిండాల స్థితినీ చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. వ్యాధి తగ్గి, కొన్నేళ్ళకు మళ్ళీ తలెత్తవచ్చు. అప్పుడు మరో మందు. అందుకే బాగున్నప్పుడు కూడా పరీక్షలు మానకూడదు.

ఇంట్లో మనం చేయవలసినవి

డాక్టరు ఆస్పత్రిలో ఉంటారు. రోగి ఉండేది ఇంట్లో. కనుక సగం పని ఇంట్లో వాళ్ళదే, మీదికూడా.

నొప్పి గోలీలు దుకాణంలో అడిగి కొని మింగనివ్వకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలను ఇంకా దెబ్బ తీస్తాయి. డాక్టరు చెప్పినవే వాడాలి.

డాక్టరు చెప్పినంత నీరు తాగేటట్టు చూడండి. చేనికి పోయినా సీసా వెంట ఉండాలి. నీరు తగ్గితే మూత్రపిండాలకు ముప్పు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారనిద్దామని ఆగవద్దు. వెంటనే ఆస్పత్రికి చెప్పాలి. మీకు జలుబు చేస్తే మూతికి గుడ్డ కట్టుకోండి, చేతులు కడుక్కోండి. ఏ టీకాలు వేయించాలో డాక్టరును అడగండి.

లెనలిడొమైడ్ గొట్టం బిళ్ళలను విప్పకూడదు. గర్భిణులు వాటిని తాకనే కూడదు. దాని తాతముత్తాత థాలిడొమైడ్ కథ గుర్తుంది కదా!

బరువులు ఎత్తనివ్వకండి. అలాగని మంచానికి కట్టేయకండి. డాక్టరు ఒప్పుకుంటే నడక మంచిదే. కాళ్ళు హఠాత్తుగా తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా అది వెన్నుపాము నలుగుతున్న సూచన. అదే రోజు ఆస్పత్రికి చేర్చాలి.

ఇంకొక మాట. మన తాత మనవరాలు ఒక నోటుపుస్తకం పెట్టిందనుకోండి. ఏ రోజు ఏ ఇంజెక్షను, హీమోగ్లోబిన్ ఎంత, క్రియాటినిన్ ఎంత, జ్వరం ఎప్పుడు వచ్చింది అని తారీఖులతో రాస్తుంది. ఆ పుస్తకం డాక్టరుకు ఎంతో ఉపకారం చేస్తుంది. తాతకూ ధైర్యం చెబుతుంది. నెలనెలా ఎం ప్రోటీను దిగుతూ ఉంటే ఆ అంకెలు తాత కళ్ళతో చూసుకుంటాడు. "ఈ సారి కూడ తగ్గింది గదా బిడ్డా!" అంటాడు.

ఒక్కటి మాత్రం మరువకండి. నడుంనొప్పి వచ్చిన ప్రతి తాతకూ మైలోమా ఉండదు. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు నడుంనొప్పి నడుంనొప్పే. కాని వారాల తరబడి తగ్గని నొప్పి, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి, దానికి తోడు పాలిపోవడం, అలసట, మాటిమాటికీ జ్వరం ఉంటే అది వయసని సరిపెట్టుకోకూడదు. ఒక రక్తపరీక్ష చేయించాలి.

చేసి చూడండి

ఉపాధ్యాయుల సమక్షంలో చేయండి. ఒక చెంచా కోడిగుడ్డు తెల్లసొనలో నాలుగు చెంచాల నీరు, చిటికెడు ఉప్పు కలిపి గుడ్డలో వడపోయండి. కొంచెం పరీక్షనాళికలో పోసి, వేడినీళ్ళ గిన్నెలో ఉంచి నెమ్మదిగా మరగనివ్వండి. ద్రవం తెల్లగా మారుతుంది. ఇంకా మరిగించండి. తేట పడిందా? చల్లార్చండి. ఇప్పుడైనా తేట పడిందా?

ఆలోచించండి

1. మీ పరీక్షనాళికలోని ప్రోటీనుకూ, మెక్‌బీన్ మూత్రంలోని ప్రోటీనుకూ తేడా ఏమిటి? ఆ తేడా చూసి డాక్టరు ఎందుకు ఆశ్చర్యపోయాడు?

2. మైలోమా రోగి రక్తంలో ప్రతిరక్షకాలు మామూలుకంటె ఎక్కువగా ఉంటాయి. అయినా అతడికి జబ్బులు త్వరగా ఎందుకు అంటుకుంటాయి?

3. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ బాధను "వయసు మీద పడింది" అని వదిలేస్తున్నారు? ఈ రోజు ఇంటికి వెళ్ళి అడగండి.